లోడు మీద పొలమారే మా ఎఫ్-250కి కంప్రెసర్ వీల్ మార్చాను, ఏడాది వాడాక రివ్యూ

మాది 2002 ఫోర్డ్ ఎఫ్-250 పికప్ ట్రక్కు, 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజను, ఆటోమేటిక్ గేర్లు. టెక్సస్‌లో డెంటన్ పక్కన ఉంటాం, కొంచెం స్థలం ఉంది, మేకలు ఉన్నాయి, వాటికి గడ్డి మోపులు ఓక్లహోమా నుంచి తెచ్చుకుంటాం, ఎండాకాలం పిల్లలకి సెలవులిస్తే ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని కొలరాడో పోతాం. అంటే ఈ బండి మాకు షోకు కోసం కాదు, ఏడాదంతా లోడు లాగుతూనే ఉంటుంది. ఇంజనులోకి గాలిని ఒత్తి తోసే టర్బో ఉంటుంది కదా, దాన్లో కంప్రెసర్ వీల్ ఒక్కటే మార్చాను, ఈ ఇంజను ఉన్నవాళ్ళందరికీ పేరు తెలిసిన వికెడ్ వీల్ 2. ఏడాది పైన అయింది, పద్నాలుగు వేల మైళ్ళ దాకా తిరిగాను, ఇప్పుడైతే నమ్మకంగా రాయగలను అనిపించి రాస్తున్నా. డబ్బులకి న్యాయం జరిగిందా అంటే జరిగింది, నూటికి నూరు పాళ్ళు. కానీ ఎందుకు వేసుకోవాలో తెలిసి వేసుకుంటేనే, ఆ సంగతి కింద చెప్తా.

అసలు రోగం ఏంటంటే, వెనకాల ట్రైలర్ ఉండి ఎత్తు ఎక్కేటప్పుడు, పైగేరులో ఇంజను 1800, 2000 ఆర్పీఎం దగ్గర ఉండి నేను యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా తొక్కితే చాలు, బానెట్ కింద నుంచి ఫఫ్ ఫఫ్ ఫఫ్ అని ఒక చప్పుడు. కాలు తీసినప్పుడు కూడా ఒకటి రెండు సార్లు వచ్చేది. ఖాళీగా తిరిగితే ఏమీ లేదు. బండి కొన్నప్పట్నుంచీ ఉంది కాబట్టి ఈ ఇంజను గొంతే ఇంతేమో అని వదిలేశాను. పోయినేడు అమ్మానాన్న వచ్చినప్పుడు గడ్డికని నాన్నని కూడా తీసుకెళ్ళా. లోడుతో తిరిగొస్తుంటే ఐ-35 మీద ఆర్డ్‌మోర్‌కి ముందు ఆర్బకిల్ కొండలు వస్తాయి కదా, ఆ ఎత్తులో బండి మొదలెట్టింది ఫఫ్ ఫఫ్ అని. మా నాన్న ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి, గుంటూరు నుంచి మిర్చి లోడుతో గిద్దలూరు నంద్యాల ఘాటు ఎన్ని వందల సార్లు ఎక్కాడో. కిటికీ అద్దం దించి రెండు నిమిషాలు విని, "ఒరేయ్, బండి పొలమారుతోంది రా, మింగలేకపోతోంది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది, ఎందుకంటే అది నిజంగా పొలమారడమే. ఇంగ్లీషువాళ్ళు సర్జ్ అంటారు దాన్ని. పొగ వేడితో ఒకవైపు టర్బైన్ తిరిగి, అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న కంప్రెసర్ వీల్‌ని తిప్పుతుంది, ఆ వీల్ గాలిని పీల్చి ఒత్తి ఇంజనులోకి తోస్తుంది, నిమిషానికి లక్ష చుట్ల పైన కూడా తిరుగుతుంది. లోడు మీద పొగ బాగా వస్తుంది కాబట్టి వీల్ గట్టిగా తోస్తుంది, కానీ ఇంజను ఆర్పీఎం తక్కువగా ఉంది కాబట్టి అంత గాలి మింగలేదు. మింగలేని గాలి ఎటు పోతుంది, ఒత్తిడి ఎక్కువైపోయి వీల్ బ్లేడుల మధ్య నుంచే వెనక్కి తన్నుకొస్తుంది. మళ్ళీ లోపలికి, మళ్ళీ వెనక్కి. మనకి వినపడే ఫఫ్ ఫఫ్ అదే. వినడానికి చిన్న చప్పుడే కానీ తన్నిన ప్రతిసారీ ఇరుసు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, ఆ దెబ్బ పడేది ఇరుసుని ముందుకీ వెనక్కీ పోకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద. ఏళ్ళ తరబడి అలాగే తోలితే ఇరుసుకి లూజు వచ్చి ఒకరోజు వీల్ తన చుట్టూ ఉన్న డొప్పని, అంటే హౌసింగ్‌ని రాస్తుంది, అక్కడితో టర్బో పని అయిపోయినట్టే. 1999 మధ్య నుంచి 2003 దాకా వచ్చిన 7.3 బండ్లలో జీటీపీ38 అనే గారెట్ టర్బో ఉంటుంది, టర్బో మంచిదే, గట్టిదే, ఫ్యాక్టరీ వీల్‌కి మాత్రం ఈ జబ్బు ఉంది, చిప్పు వేసి డీజిల్ పెంచిన బండ్లలో ఇంకా ఎక్కువగా వినపడుతుంది.

ముందు ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తకుండానే టర్బో మొత్తం మార్చాలన్నారు, చెప్పిన రేటు వింటే బండి అమ్మేద్దామా అనిపించింది. తర్వాత ఆన్‌లైన్లో చవగ్గా దొరికిందని పేరూ ఊరూ లేని వీల్ ఒకటి తెప్పించా, డబ్బా విప్పి చేతిలో పెట్టుకుని చూస్తే ఒక బ్లేడు అంచున మిషను మొన వదిలేసిన పొక్కు ఒకటి గోటికి తగిలింది, బ్యాలెన్స్ చేసిన గుర్తు ఎక్కడా లేదు. లక్ష చుట్లు తిరిగే వస్తువు అది. వెంటనే వెనక్కి పంపించేశాను. డబ్బులు రావడానికి ఆరు వారాలు పట్టింది, నాలుగు మెయిళ్ళు రాయాల్సొచ్చింది, అయినా అది ఇంజనులోకి పోకపోవడమే మన అదృష్టం. దయచేసి వీల్ దగ్గర మాత్రం చవక చూడొద్దు, ఒక్క బ్లేడు ముక్క ఊడితే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాకా ఇంకా ముందుకీ పోతుంది.

వికెడ్ వీల్ వచ్చింది చూస్తే తేడా అక్కడే తెలిసింది. ఈ రకం బిల్లెట్ వీల్స్ అంటే అచ్చు పోసినవి కాదు, గట్టి అల్యూమినియం దిమ్మని మిషను మీద చెక్కి తీసినవి, అందుకే నడుమ బొడ్డు సన్నగా చెక్కొచ్చు, గాలికి దారి ఎక్కువ మిగులుతుంది. అలాగని చెక్కిన వీలైతే చాలు మంచిదైపోతుంది అనుకోకండి, అసలు పనితనం బ్లేడు వంపులో ఉంటుంది. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి తిప్పి చూస్తే ఒక్కో బ్లేడు మీద చెక్కుడు గీతలు సన్నగా, ఒకే ఎడంలో, గ్రామఫోన్ ప్లేటు మీద గీతల్లా ఉన్నాయి, వేలితో రాస్తే ఎక్కడా పట్టుకోలేదు. వెనక బ్యాలెన్స్ కోసం కొద్దిగా చెక్కిన మచ్చ ఉంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఐదు నిమిషాలు చూసి కానీ ఇవ్వలేదు.

పని విషయం కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది ఇక్కడే. టర్బో బండి మీద ఉండగానే వీల్ మార్చేవాళ్ళూ ఉన్నారు, నేను మాత్రం మొత్తం దింపాను, 7.3లో టర్బో ఇంజను వెనకాల రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, ఫైర్‌వాల్‌కి (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ) ఆనుకుని ఒక పీఠం మీద కూర్చుంటుంది, ఆ పీఠం కిందున్న ఓ-రింగులు, అంటే రబ్బరు సీళ్ళు, ఇరవై ఏళ్ళవి, ఎలాగూ మార్చాలి. ఆయిలు పోయేదీ తిరిగొచ్చేదీ ఆ పీఠంలోంచే, అవి గట్టిపడితే ఆయిలు లోయలోకి కారి వెనక నుంచి కిందకి వస్తుంది, మనం క్రాంకు సీలు పోయిందేమో అని భయపడతాం. పీఠానికి నాలుగు బోల్టులు, ముందు రెండూ హాయిగా వస్తాయి, వెనక రెండూ కంటికి కనపడవు, రేడియేటర్ సపోర్టు మీద పాత పరుపు వేసుకుని ఇంజను మీద బోర్లా పడుకుని చేత్తో తడుముకుంటూ తిప్పాలి. ఆ రెండు బోల్టులకే మాకు గంటన్నర పట్టింది. నాన్న టార్చి పట్టుకుని "ఎడమ పక్కకి, ఇంకొంచెం, ఆ, పడింది" అని చెప్తుంటే నేను తిప్పాను. ఎగ్జాస్ట్ క్లాంపులకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిలు కొట్టి ఉంచండి, లేకపోతే అక్కడే సాయంత్రం అయిపోతుంది. టర్బో తీయగానే తెరుచుకున్న ప్రతి కంతలో శుభ్రమైన గుడ్డ కుక్కండి, ఒక్క నట్టు లోపల పడితే చాలు.

బల్ల మీద పెట్టాక హౌసింగ్ ఏ కోణంలో ఉందో గీత గీసి గుర్తు పెట్టుకుని విప్పాను. పాత వీల్ చూస్తే బాధేసింది. బ్లేడుల ముందు అంచులు కత్తిలా కాదు, సముద్రం ఒడ్డున అరిగిన గాజు పెంకులా మొద్దుబారి ఉన్నాయి. దుమ్ము తిన్నది. ఈ బండ్లకి వచ్చిన పాత గాలి ఫిల్టరు డబ్బా మూత సరిగా పట్టదు, పక్క సందులోంచి దుమ్ము లోపలికి పోతుంది, అందుకే చాలామంది పెద్ద 6637 నంబరు ఫిల్టరో, ఫోర్డ్ తర్వాత తెచ్చిన ఏఐఎస్ డబ్బానో వేసుకుంటారు. నాకు ముందు ఓనరు వేయలేదు, నేనూ చూసుకోలేదు. కొత్త వీల్ వేసే రోజే ఏఐఎస్ డబ్బా కూడా పెట్టాను. దుమ్ము దారి మూయకుండా కొత్త వీల్ వేస్తే దాన్నీ ఇంతే చేసుకుంటాం.

నట్టు సంగతి. చాలా టర్బోల్లో కంప్రెసర్ నట్టుకి ఉల్టా మర ఉంటుంది, మీ దానికి ఎటువైపో వీల్‌తో వచ్చిన కాగితంలో చూసి అప్పుడే పానా వేయండి. ఇంకోటి, పానాని పక్కకి లాగి తిప్పకూడదు. ఆ ఇరుసు సన్నటిది, పక్క నుంచి బలం పడితే వెంట్రుకంత వంగినా బ్యాలెన్స్ పోయినట్టే. రెండు చేతులకీ సమానంగా పడేలా టీ పిడి పానా వాడాను, టర్బైన్ వైపు కొసని నాన్న సాకెట్‌తో కదలకుండా పట్టుకున్నాడు. పాత వీల్, నట్టు, ఇరుసు మూడింటి మీదా ఒకే వరసలో గుర్తు పెట్టి విప్పాం. కొత్త వీల్ ఇరుసు మీదకి బిగుతుగా వెళ్ళింది, సుత్తి అసలు ముట్టుకోవద్దు, నేను వీల్‌ని కాసేపు వేడి నీళ్ళలో ఉంచి బాగా తుడిచి ఆరాక తొడిగాను, మెత్తగా కూర్చుంది. నట్టు బిగించే బలం మాత్రం టార్క్ రెంచితో కాగితంలో చెప్పినంతే. అంతా అయ్యాక వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరగాలి. ముందుకీ వెనక్కీ కదిపితే కదలిక చేతికి తెలిసీ తెలియనట్టు ఉండాలి, పక్కకి మాత్రం కొంచెం ఊగుతుంది, అందులో భయం లేదు, ఆయిలు పొర మీద తేలే బేరింగులు అవి. పక్కకి నొక్కి తిప్పినా వీల్ హౌసింగ్‌కి తగలకూడదు. తగిలిందంటే ఆపేయండి, మీకు కావాల్సింది వీల్ కాదు, ఇరుసూ బేరింగులూ ఉన్న లోపలి కార్ట్రిడ్జే మార్చాలి.

బిగించాక వెంటనే స్టార్ట్ చేయలేదు. ఆయిలు లోపలికి పోయే కంతలో ముందే కొంచెం పోశాం, తర్వాత ఇంజను అందుకోకుండా క్యామ్ సెన్సరు ప్లగ్గు తీసేసి స్టార్టరు మాత్రం పది సెకన్ల చొప్పున మధ్యలో ఆపుతూ తిప్పాం, ఆయిలు ప్రెషరు వచ్చాక ప్లగ్గు పెట్టి స్టార్ట్ చేశాం. పొడి బేరింగు మీద టర్బో తిరిగిందంటే ఈ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక రోడ్డు మీద. మొదటి లోడు అదే గడ్డి, అదే ఆర్బకిల్ ఎత్తు. కావాలనే పైగేరులో ఉంచి, ముందు ఎక్కడ చప్పుడు వచ్చేదో అక్కడే తొక్కాను. రాలేదు. ఇంకా తొక్కాను, రాలేదు. నాన్న మళ్ళీ అద్దం దించాడు, ఈసారి విని ఏమీ అనలేదు, అద్దం ఎత్తేసి తల ఊపాడు, అంతే. చప్పుడు పోవడం ఒకటే కాదు, బండి ఊపిరి పీల్చే తీరు మారింది, ముందు ఎత్తులో గేజి ముల్లు ఒణికేది, బూస్టు (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) వచ్చి పోయి వచ్చి పోయి ఉండేది, ఇప్పుడు ఒక చోట నిలబడుతోంది. అదే ఎత్తు, ఇంచుమించు అదే లోడు, పొగ వేడి ముందు 1250 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే కాలు తీసేవాణ్ణి, 7.3 పిస్టన్లకి అంతకంటే ఎక్కువసేపు మంచిది కాదు కాబట్టి. ఇప్పుడు 1150, 1180 దగ్గర ఆగుతోంది. అందులో కొంత కొత్త గాలి ఫిల్టరు వల్ల కూడా వచ్చి ఉంటుంది, అంతా వీల్ గొప్పే అని చెప్పను.

అసలు పరీక్ష జులైలో. ట్రైలర్ వెనకాల, అమ్మానాన్న, పిల్లలు, 287 హైవే మీద అమరిల్లో, అక్కణ్ణుంచి క్లేటన్ మీదుగా రేటన్ కనుమ. న్యూ మెక్సికో కొలరాడో సరిహద్దు మీద 7,834 అడుగుల ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, అదే బూస్టు ఇవ్వాలంటే టర్బో ఇంకా ఎక్కువ తిరగాలి, అందుకని పొలమారే జబ్బు ఉన్న బండికి కొండ మీద ఇంకా ఎక్కువవుతుంది. అంతకు రెండేళ్ళ ముందు ఇదే కనుమలో ఆ చప్పుడుకి భయపడి గేరు తగ్గించి లారీల వెనకాల ఎక్కాను. ఈసారి ఒక్క ఫఫ్ కూడా లేకుండా పైకి వచ్చింది. నిజం చెప్పాలంటే పైన ఆగినప్పుడు కళ్ళు చెమర్చాయి. బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. వెనక సీట్లో అమ్మ మాత్రం పొలమారిందంటే ఎవరో తలుచుకుంటున్నట్టే కదరా, ఇప్పుడు ఎవరూ తలుచుకోవట్లేదా అని అడిగింది, అందరం నవ్వాం.

ఇప్పుడు ఏం రాదో చెప్తా. హార్స్‌పవర్ కోసం ఈ వీల్ కొనకండి. మా ఆటోమేటిక్ బండికి ఫ్యాక్టరీ లెక్క 250 హార్స్‌పవర్, వీల్ మార్చగానే అది పెద్దగా ఏం పెరగదు, బలం డీజిల్‌తో వస్తుంది, గాలి మాత్రమే పెంచితే రాదు. డీజిల్ ఎక్కువ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు వేసుకోవాలనుకునేవాళ్ళకి ఈ టర్బోయే చాలదు, వాళ్ళు వీల్ మీద డబ్బు పెట్టకుండా నేరుగా పెద్ద టర్బోకే దాచుకోవాలి. స్టాకు బండో, చిన్న చిప్పు ఉన్న బండో అయ్యి, లోడు లాగుతూ, చప్పుడు వస్తుంటే మాత్రం ఇంతకంటే మంచి ఖర్చు నాకు తెలీదు. వీల్, ఓ-రింగులు, క్లాంపులు కలిపి మూడొందల డాలర్ల చిల్లర అయింది, ఒక శని ఆదివారం పట్టింది. టర్బో ఈల కొంచెం మారింది, ముందు కంటే సన్నగా వస్తోంది, ఆ పాత గొంతు ఇష్టపడేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళకిది లోటే. ఇంకో మాట, టర్బోకి పొగ తెచ్చే మీ అప్‌పైపులు లీకవుతుంటే, ఫైర్‌వాల్ మీద మసి కనిపిస్తుంటే, లేదా ఇంటర్‌కూలర్ గొట్టాలు నూనెతో జారిపోతుంటే ముందు అవి చేయించండి, గాలీ పొగా బయటికి పోతుంటే ఏ వీలూ ఏమీ చేయలేదు. కొనేటప్పుడు బండి సంవత్సరం చెప్పి కొనండి, 1999 మొదట్లో వచ్చిన వాటికీ, అంతకు ముందు పాత మోడల్ 7.3కీ టర్బోలో తేడాలున్నాయి.

ఏలూరు దగ్గర మా బాబాయి కొడుకు చేపల లోడుకి బొలెరో పికప్ నడుపుతాడు, ఫోటోలు చూసి "అన్నయ్యా, నాక్కూడా ఒకటి పంపించు" అన్నాడు. తమ్ముడూ నీ బండికి ఈ జబ్బు లేనప్పుడు మందెందుకు, గాలి ఫిల్టరు టైముకి మార్చు, ఆయిలు టైముకి మార్చు, లోడుతో వచ్చి ఆపగానే ఇంజను కట్టేయకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు, టర్బో చల్లబడుతుంది, అన్నాను. ఆ చివరిది ఎవరికైనా చెప్తాను, వీల్ మార్చినా మార్చకపోయినా.

పద్నాలుగు వేల మైళ్ళ తర్వాత మొన్న గొట్టం విప్పి చూశాను. బ్లేడుల అంచులు కొత్తవాటిలాగే ఉన్నాయి, ఇరుసు లూజు మొదటి రోజు ఎంతో అంతే. పాత వీల్ ఉంచుకుందామని షెడ్డులో పెట్టాను కానీ నాన్న ఊరెళ్ళేటప్పుడు అడిగి మరీ సూట్‌కేసులో పెట్టుకున్నాడు, ఇప్పుడు ఇంట్లో టీవీ పక్కన ఉందట, వచ్చినవాళ్ళందరికీ చేతికిచ్చి ఆ అరిగిన అంచు చూపిస్తున్నాడని అమ్మ చెప్పింది.